పొద నల్లంచి ఆత్మకథ

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డుకి కాస్త లోపల, వాగు గట్టున తానిచెట్టు తొర్రలో పుట్టాను. ఎండుటాకులు, పుల్లలు, వేళ్లు ఏరి గూడు కట్టింది అమ్మ ఒక్కతే. నాన్న పక్క కొమ్మ మీద కాపలా. పొదగడమూ అమ్మ వంతే. మేము గుడ్డు పగలగొట్టుకుని వచ్చాకే నాన్న పురుగులు మోయడం మొదలుపెట్టాడు. మా జాతి పిల్లలు 12, 13 రోజులకే తొర్ర వదిలేస్తాయి. ఆ తొందర చీకటి తొర్రలోకి తల దూర్చే పాముల్ని చూసినవాళ్లకి అర్థమవుతుంది.

నన్ను పొద నల్లంచి అంటారు, తోక నల్లంచి అనీ అంటారు. పక్షి పుస్తకాల్లో షామా అని. మీ పెరట్లో తోక నిక్కించి పాడే పెద్ద నల్లంచి నాకు దగ్గరి చుట్టం. దాని రెక్క మీద తెల్లచార ఉంటుంది, పొట్ట తెలుపు. నా రెక్కలో తెలుపు లేదు, పొట్ట కాలిన ఇటుక రంగు. తల, వీపు, రొమ్ము నిగనిగలాడే నలుపు. తోక ఒంటిని మించి సాగి ఉంటుంది. నా జంట నలుపు కాదు, బూడిద కలిసిన గోధుమ రంగు, తోకా పొట్టిదే.

అయితే వెదురు నీడల్లో ఈ రంగులు మీకు కనబడవు. ఎగిరే క్షణాన నడుము మీది తెలుపు తళుక్కుమని, పొదలో దిగగానే మాయమవుతుంది. దాన్ని పట్టుకోండి. అంతకన్నా ముందు చెవులు సిద్ధం చేసుకోండి. తోక కుదుపుతూ టక్ టక్ అంటే మిమ్మల్ని చూశానని, దగ్గరికి రావద్దని. పాట వేరు. నింపాదిగా మొదలై, మలుపు తిరుగుతూ, మధ్యలో ఇతర పిట్టల కూతలు కలుపుకుని పోతుంది. ఈ అడవిలో నేను విన్నదంతా అందులో ఉంది. తెల్లవారుజామున, మళ్లీ మునిమాపు వేళ పాడతాను. మిగతా పొద్దంతా రాలిన ఆకుల మధ్య చీమలు, చెదలు, మిడతలు ఏరుకోవడమే పని. ఆకులు ఊడ్చి తగలబెట్టిన చోట నాకు తిండి లేదు.

ఆ పాట కోసమే మనుషులు మమ్మల్ని పంజరాల్లో పెట్టారు. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే పిల్లవాడు తన పెంపుడు షామా గొంతుని ఎడిసన్ యంత్రపు మైనపు గొట్టం మీద పట్టాడు. తెలిసినంతలో రికార్డయిన తొలి పక్షిపాట అదే. ఆ గొంతు ఇంకా భద్రంగా ఉంది. నాకది గర్వం, దుఃఖం కూడా. పాడిన ఆ పిట్టకి వాగు లేదు, జంట లేదు. ఇండోనేషియాలో నేటికీ మావాళ్ల చేత పోటీలు పాడిస్తారు, వాటికోసం అడవులు ఖాళీ చేశారు. 2022లో పనామాలో దేశాలన్నీ కూడి, అనుమతి లేకుండా మమ్మల్ని సరిహద్దులు దాటించకూడదని నిర్ణయించాయి. ఇంకా చాలా ముందే చేయాల్సిన పని.

ఇప్పుడు మా వాగుకి పంజరాలు రావు, ఫోన్లు వస్తాయి. నన్ను చూడాలని ఎవరో నా జాతి పాటే గట్టిగా మోగిస్తారు. నా హద్దులోకి మరో మగపిట్ట వచ్చిందనుకుని పరుగెత్తుతాను, గొంతు చించుకుంటాను, లేని శత్రువు కోసం పొదపొదా వెతుకుతాను. అంతసేపూ తొర్రలో పిల్లల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాకు ముమ్మరంగా గూళ్ల కాలం. ఆ నెలల్లో ఫోను జేబులోనే ఉంచండి. తెలతెలవారుతుండగా వాగు దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా ఒక బండ మీద కూర్చోండి. నేను ఎలాగూ పాడతాను.