ఫైలు మొయ్యలేక చస్తున్నాం

జ్వరానికి ఏ డాక్టరైనా ఒకటే. మూడు రోజులు మాత్రలు మింగుతాం, తగ్గిపోతుంది. ఆయన్ని మనం మర్చిపోతాం, మనల్ని ఆయన మర్చిపోతాడు, ఎవరికీ నష్టం లేదు. షుగరు అలా కాదు. బీపీ అలా కాదు. మా ఆవిడ కీళ్లవాతం అసలే కాదు. ఇవి ఒకసారి పట్టుకున్నాయంటే కాటిదాకా మనతోనే వస్తాయి. అలాంటి జబ్బుకి డాక్టరు కూడా కొన్నేళ్లపాటు మనల్ని ఎరిగి ఉండాలి. మా రోజుల్లో అలాంటివాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు లేరా అంటే ఉన్నారు, బోర్డు మీద ఉన్నారు, పేరు కింద రెండు వరుసల డిగ్రీలతో. లోపలికి వెళితేనే దొరకరు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. గుడివాడ డిపో. డ్యూటీలో వేళకి తిండి లేదు, వేళకి నిద్ర లేదు. ఏ బస్టాండులో దిగితే అక్కడి బజ్జీ, అక్కడి టీ. నలభై నిండకుండానే షుగరు వచ్చి కూర్చుంది. అప్పటి మా డాక్టరు గారికి ఉన్నది ఎంబీబీఎస్ ఒక్కటే. గుంటూరు మెడికల్ కాలేజీ చదువు. వీధిలోకి తెరిచిన గది, ఒక చెక్క బల్ల, చీటీలు కట్టిన మిక్చరు సీసాలు, వాటి వెనక కాంపౌండరు. ఆసుపత్రంటే అంతే. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఏమోయ్ కండక్టరూ, బందరు బస్టాండులో మిరపకాయ బజ్జీలు మానావా, నాతో అబద్ధం ఆడుతున్నావా?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నలో నా ఉద్యోగం, నా రూటు, నా బలహీనత, నా జబ్బు అన్నీ ఉండేవి. దానికి కంప్యూటరు అక్కర్లేకపోయింది.

ఆయనకి నా ఒక్కడి సంగతే కాదు, మా అమ్మ సంగతీ తెలుసు. ఆవిడదీ షుగరే. ఆ రోజుల్లో ఇంట్లో ఇన్సులిన్ వేసుకోవడమంటే చిన్న తతంగమా? గాజు సిరంజి, సూది గిన్నెలో వేసి మరగబెట్టాలి. పరీక్షంటే మూత్రం పరీక్ష. గాజు గొట్టంలో బెనెడిక్ట్ ద్రావణమనే నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచాలి. నీలం నీలంగానే ఉంటే ఆ రోజు పండగ. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపైతే ఎక్కువ. ఇటుక రంగు తిరిగిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ మాట పెగిలేది కాదు. ఏ రోజు ఏ రంగు వచ్చిందో నేను పాత టికెట్టు పుస్తకం అట్ట మీద రాసి తీసుకెళితే, డాక్టరు గారు కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివేవారు. "మంగళవారం ఇటుక రంగేమిటి? ఇంట్లో పూర్ణాలు వండారా?" అని అడిగేవారు. వండాం మరి. శ్రావణ మంగళవారం.

ఇప్పుడు వేలి కొన మీద చిన్న పోటు, పట్టీ మీద ఒక బొట్టు, అయిదారు సెకన్లలో అంకె. హెచ్‌బీఏ1సీ అని ఇంకొకటి ఉంది, రెండు మూడు నెలల సగటు బయటపెట్టేస్తుంది. పరీక్షకి ముందు రోజు ఉపవాసం ఉండి డాక్టరుని మోసం చెయ్యడానికి వీల్లేదు. శాస్త్రం పెరిగింది, కాదనను. నేను ఇంకా రెండు కాళ్ల మీద నడుస్తున్నానంటే దానివల్లే. మా అమ్మకి ఆ అదృష్టం లేదు, కాలి బొటనవేలు తీసెయ్యాల్సి వచ్చింది. కానీ ఆ పుండు మానేదాకా డాక్టరు గారు సాయంత్రం సైకిలేసుకుని ఇంటికొచ్చి స్వయంగా కట్టు మార్చేవారు. మందు తక్కువైన కాలంలో మనిషి దొరికాడు. మందు దండిగా ఉన్న కాలంలో మనిషిని వెతుక్కుంటున్నాం. నా గొణుగుడంతా దీని గురించే.

ఇప్పటి వరస చూడండి. బెజవాడ సూర్యారావుపేట వెళతాం. ఆ వీధుల్లో మనుషులకంటే బోర్డులే ఎక్కువ. ఒక పెద్ద ఆసుపత్రిలో టోకెను తీసుకుంటాం. ఒకమ్మాయి బరువు చూస్తుంది, ఇంకొకమ్మాయి బీపీ చూస్తుంది. ఓ కుర్ర డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని, "మొదట్నుంచి చెప్పండి అంకుల్" అంటాడు. మొదట్నుంచి అంటే ఎక్కడ్నుంచి నాయనా? బందరు బజ్జీల దగ్గర్నుంచా? పోయినసారి వచ్చినప్పుడు ఇంకో కుర్రాడికి చెప్పాను, అంతకుముందు ఇంకో అమ్మాయికి. వాళ్లంతా ఏమయ్యారో తెలీదు. చివరికి పెద్ద డాక్టరు గారి గదిలోకి పంపిస్తారు. ఆయన తెర వంక చూస్తూనే, "ఊఁ, ఏంటి ప్రాబ్లెం?" అంటారు. ఆయన దగ్గరికి నేను ఏళ్లుగా వస్తున్నాను. నా ముఖం ఆయనకి కొత్త. నా క్రియాటినిన్ మాత్రం పాత పరిచయమే. ఆయన తలెత్తేలోపు చీటీ ప్రింటయి వచ్చేస్తుంది, బయట నర్సమ్మ తర్వాతి నంబరు పిలిచేస్తుంది.

రద్దీ అండీ, ఏం చేస్తారు అంటారు. రద్దీ సంగతి నాకు చెప్పకండి. సంక్రాంతి ముందు రోజు కాలు పెట్ట సందులేని బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. ఫుట్‌బోర్డు మీద ఇద్దరు, టాపు మీద కోళ్ల గంపలు. అంత గొడవలోనూ వెనక సీటులో నెలలు నిండిన పిల్ల కూర్చుందని, డ్రైవరు వెనకున్న పెద్దాయన్ని పామర్రులో లేపి దింపాలని గుర్తుండేది. చిల్లర బాకీ ఎవరికుందో టికెట్టు వెనక రాసిచ్చేవాళ్లం. గుర్తుంచుకోవడం ఉద్యోగంలో భాగం అనుకున్నాం గనక గుర్తుండేది. ఇప్పుడు గుర్తుంచుకునే పని రోగికి అప్పగించారు. ఫైలు మోసేది మనం, స్కాను కవర్లు మోసేది మనం, ఏ డాక్టరు ఏ మాత్ర ఆపమన్నాడో ఇంకో డాక్టరుకి చెప్పేది మనం. గుండె డాక్టరు రాసింది కిడ్నీ డాక్టరుకి తెలీదు, కిడ్నీ డాక్టరు ఆపింది షుగరు డాక్టరుకి తెలీదు. ముగ్గురి మధ్యా కబురు మోసే ఉద్యోగం, ఈ వయసులో, జీతం లేకుండా.

మా ఆవిడ సంగతి చెబుతాను. పొద్దున లేచేసరికి ఆవిడ వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గంట గడిస్తే గాని టీ గ్లాసు పట్టుకోలేదు. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అరుగుదల నొప్పి కాదు. ఒంట్లో రక్షణగా ఉండాల్సిన వ్యవస్థే కీళ్ల మీద పడి తినేస్తుంది. మా చిన్నప్పుడు దీనికి ఆస్పిరిను మింగడం, తర్వాత మూలగడం. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే స్టీరాయిడ్ సూది పొడిచేవాడు. మర్నాటికి మనిషి లేచి పిండి రుబ్బేది, ఊరంతా ఆయన్ని దేవుడనేది. ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బి, ఎముకలు గుల్లబారి, లేని షుగరు పుట్టుకొచ్చేది. మా రోజులన్నీ బంగారమని నేననలేదు.

ఇప్పుడు మెథోట్రెక్సేట్ ఉంది. ఈ మందు వెనక ఉన్నది మనవాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, దానికి అడ్డుపడే మందుల్నీ తయారు చేసింది. వాటిలో ఒకటే, క్యాన్సరు కోసం పుట్టిన ఈ మెథోట్రెక్సేట్. దాన్ని తక్కువ మోతాదులో కీళ్లవాతానికి వాడొచ్చని అమెరికాలో 1988లో అనుమతిచ్చారు. అప్పటికి సుబ్బారావు పోయి నలభై ఏళ్లు. భీమవరం మాకు ఎంత దూరం? ఆ ఊరి బిడ్డ చలవవల్ల మా ఆవిడ ఇవాళ జడ తనే వేసుకుంటోంది.

కానీ ఈ మందుకి ఒక మెలిక ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ మింగితే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఒక పెద్ద ఆసుపత్రిలో రాసిన చీటీలో ఆ వారం సంగతి ఇంగ్లీషు గీతల మధ్య ఎక్కడో ఇరుక్కుంది. మందుల షాపు కుర్రాడు కవరు మీద 'రోజూ ఒకటి' అని రాసిచ్చాడు. మాకేం తెలుసు? దాన్ని పట్టుకున్నది మా వీధి చివర క్లినిక్కు పెట్టుకున్న ఓ డాక్టరమ్మ. వయసు చూస్తే మా మనవరాలి ఈడు. నేను జలుబని వెళ్లి, పక్కన కూర్చున్న మా ఆవిడ చేతులు చూపిస్తే, "అమ్మమ్మగారూ, ఏం వాడుతున్నారు? సంచీ మొత్తం బల్ల మీద పొయ్యండి" అంది. ఒక్కో అట్టా తిప్పి చదివింది. మెథోట్రెక్సేట్ అట్ట మీద ఎర్ర పెన్నుతో, తెలుగులో, 'ఆదివారం మాత్రమే' అని రాసింది. ఫోలిక్ యాసిడ్ అట్ట మీద 'సోమవారం' అని రాసింది. రక్తం, లివరు పరీక్షలు మళ్లీ ఎప్పుడో క్యాలెండరు మీద సున్నా చుట్టమంది. అమ్మాయి రాసింది నాలుగు ముక్కలు. ఇంత ఫైలులో అంతకుముందు ఎక్కడా లేని నాలుగు ముక్కలు.

మా బంధువుల్లో ఒక కుర్రాడు మెడిసిన్ చదువుతున్నాడు. నేనిలా గొణిగితే వాడు ఊరుకోడు. "తాతయ్యా, 1995లో సుప్రీంకోర్టు డాక్టర్లని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అప్పట్నుంచి ప్రతిదానికీ కాగితం కావాలి, పరీక్ష కావాలి. మీ డాక్టరు గారి మీద ఎవరైనా కేసు వేశారా?" అంటాడు. వెయ్యలేదు. ఎందుకేస్తాం? ఇంటికొచ్చి కట్టు కట్టినాయన మీద కేసేంటి? "అయితే ఇప్పుడు మాకు రోగితో ఎలా మాట్లాడాలో కూడా నేర్పుతున్నారు, 2019 నుంచి సిలబస్‌లో పెట్టారు" అన్నాడు. ఇదీ వినాల్సి వచ్చింది. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం కూడా పాఠమైంది, రేపు దానికీ కోచింగు సెంటరు పెడతారు. మందుల పేర్లు అర్థమయ్యేట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయమని 2016లో మెడికల్ కౌన్సిలు డాక్టర్లకి చెప్పాల్సి వచ్చింది. 2023లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టరు అని ఒక ప్రభుత్వ పథకమే పెట్టారు. ఊళ్లకి డాక్టరు రావడం మంచిదే, నేను వద్దనను. మా రోజుల్లో అది పథకం కాదు, పక్క వీధి.

ఆరోగ్యశ్రీ మాట కూడా చెప్పుకోవాలి. 2007లో వచ్చింది. గుండె ఆపరేషన్లకి పొలం అమ్ముకునేవాళ్లని ఎందర్నో కాపాడింది. కానీ ఆసుపత్రిలో పడితే ఆదుకునే లెక్క వేరు, పడకుండా చూసే లెక్క వేరు. షుగరు మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి, పాదాలు చూసి, తిండి అడిగి, మాత్ర సవరించే పనికి ఏ ప్యాకేజీ కడతారు? కోత ఉంటే రేటుంది. మాటకి రేటు లేదు. రేటు లేనిదాన్ని ఎవరు నిలవ పెడతారు?

అందుకని, జీవితాంతం మందులు మింగాల్సిన వాళ్లకి ఈ ముసలాడు చెప్పే గుర్తులు కొన్ని. షుగరు డాక్టరు మీ చెప్పులు విప్పించి పాదాలు చూశాడా లేదా చూడండి. సన్నటి నైలాను పోగు కాలికి ఆనించి, కళ్లు మూయించి, 'తెలుస్తోందా' అని అడిగాడంటే మంచి చేతిలో పడ్డట్టే. ఇన్సులిన్ రాసినవాడు మీ సిరంజి కూడా చూపించమన్నాడా? మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దాన్ని 100 యూనిట్ల సిరంజితో ఎక్కిస్తే ఒంట్లోకి సగం కూడా వెళ్లదు. అడిగి చూసేవాడు దొరికితే వదలకండి. మందు చేర్చడం అందరూ చేస్తారు. పాత మందు ఒకటి తీసేసి, 'ఇది ఇక అక్కర్లేదు' అనేవాణ్ణి గౌరవించండి. 'ఇది నా పరిధి కాదు, ఫలానా ఆయనకి చూపించండి, ఏమన్నారో నాకొచ్చి చెప్పండి' అనేవాణ్ణి ఇంకా గౌరవించండి. మామిడి పండు అసలు తినకూడదని చెప్పేవాడికి రూల్సు తెలుసు. 'రెండు ముక్కలు తినండి, ఆ పూట అన్నం తగ్గించండి' అనేవాడికి నూజివీడు రసాల సీజను తెలుసు, మనుషులూ తెలుసు.

మన వంతూ ఉంది లెండి. ఫోనులో ఎవడో పంపిన కషాయం తాగి, మాత్రలు మానేసి, అంకె పెరిగాక డాక్టరు మీద పడటం మా రోజుల్లో లేదు. ఫోను లేదు గనక. నెలకొక ఆసుపత్రి మార్చి, 'ఎవరికీ నా సంగతి పట్టదు' అనడమూ సబబు కాదు. తెలియాలంటే ఆయనకీ కొంత టైమివ్వాలి.

అన్నిటికంటే ముందు, కొత్త డాక్టరు దగ్గర మొదటి రోజే ఒక్క మాట అడగండి: "మళ్లీ వస్తే మీరే చూస్తారాండీ?" ఆ ప్రశ్నకి నవ్వి "నేనే చూస్తా, రండి" అంటే ఫీజు కాస్త ఎక్కువైనా ఉండిపోండి. "ఎవరుంటే వాళ్లు చూస్తారు, అంతా సిస్టంలో ఉంటుంది" అన్నారనుకోండి, ఫైలు చంకన పెట్టుకుని చెప్పులేసుకోండి.