నిర్వాకానికి టీకా తాత్పర్యం

మూలం: "చూశారా మీ పుత్రరత్నం నిర్వాకం! పాలు చూస్తుండరా అంటే వెలగబెట్టిన ఘనకార్యం ఇదీ!"

అవతారిక: మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు సంజీవని రాశాడు గానీ, ఈ వంటింటి వచనం జోలికి రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ శ్రమ. తల్లి వక్త్రి, పేపరు చాటున ఉన్న తండ్రి శ్రోత, బర్నరు కింద మాడుతున్న పాలు సాక్షి.

ప్రతిపదార్థం: చూశారా = చూడలేదని నాకు తెలుసు; మీ = మీ వంశంలో పుట్టిన (మార్కులొచ్చిన రోజున 'మా' అని పాఠాంతరం); పుత్రరత్నం = ఈ దద్దమ్మ; వెలగబెట్టిన = తగలబెట్టిన; ఘనకార్యం = ఇప్పుడు నేను పీచు పెట్టి తోమాల్సిన మాడు; ఇదీ = గరిటెతో చూపుతూ. ఇక్కడి దీర్ఘం కోపాన్ని బట్టి సాగుతుంది.

తాత్పర్యం: పాలు పోయాయి, కాఫీ లేదు.

విశేషాలు: వాక్యంలో ఒక్క తిట్టూ లేదు. అన్నీ సన్మానపత్రంలో రాయదగ్గ మాటలే. దీన్ని ఆలంకారికులు విపరీతలక్షణ అంటారు, ఇంట్లోవాళ్లు దెప్పడం అంటారు. కుర్రాడు మాత్రం శుద్ధ అభిధావాది. చూస్తుండమన్నారు, చూస్తూనే ఉన్నాడు. పాలు అంచుదాకా లేవడమూ చూశాడు, స్టవ్ ఆర్పమని మూలంలో లేదు.

నిర్వాకం 'నిర్వాహకం'లోని హకారం జారగా మిగిలిన రూపం. వహ్ ధాతువే ప్రవాహానికీ వివాహానికీ కూడా మూలం కనుక పాలు పారడమూ, దంపతులు వాదించుకోవడమూ ధాతుసమ్మతమే.

పత్రికల వారికి ఈ పదం ప్రాణం. 'అధికారుల నిర్వాకం' అని శీర్షిక పెడితే చాలు. లంచమంటే రుజువు అడుగుతారు, దొంగతనమంటే నోటీసు పంపుతారు. నిర్వాకమంటే ఏం చేశారో పాఠకుడే ఊహించుకుంటాడు, అదీ విలేకరి రాయగలిగిన దానికన్నా ఘోరంగా. ఇంత పిరికి మాట ఇంత గట్టిగా కొట్టడం మన భాషలోనే చెల్లింది.

వ్యాకరణంలో ఒక్క సంగతి. ఈ పదం ఎక్కువగా షష్ఠి వెంటే నడుస్తుంది: నీ నిర్వాకం, వాడి నిర్వాకం, మీ చెల్లెలి నిర్వాకం. ఉత్తమపురుషలో, నవ్వులాటకు తప్ప, ప్రయోగం ఈ టీకాకారుడి కంట పడలేదు.