చెప్పుకునే మొహాలు, దాచుకునే మొహాలు

అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో తొలకరి జల్లు పడిందంటే దుక్కి దున్నేవాళ్లకంటే తల వంచుకుని వెతికేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అటు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి దాకా ఇదే వరస. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలతో వచ్చి చెట్ల కింద మకాం పెట్టి, ఎర్రమట్టిలో మెరిసిన ప్రతి రాయినీ చేతిలోకి తీసుకుని చూస్తారు. ఎవరో ఒకరికి వజ్రం దొరుకుతుంది. మర్నాడు పేపర్లో పడుతుంది. వ్యాపారి ఎన్ని లక్షలిచ్చాడన్నది టీకొట్టు దగ్గర గంటగంటకూ పెరుగుతుంది. ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టినవాళ్ల నడుంనొప్పి గురించి ఏ విలేకరీ రాయడు. రాయకపోవడం న్యాయమే, అది వార్త కాదు కదా. కాకపోతే ఆ వార్తలొక్కటే చదివేవాడికి మండలమంతా వజ్రాలే ఉన్నాయనిపిస్తుంది. మొటిమల మందుల కీర్తి కూడా ఇలాగే పుడుతోంది. ‘నాకు వారంలో తగ్గింది’ అన్న మాట కాలేజీ బస్సంతా తిరుగుతుంది. తగ్గనివాళ్లు, ఎక్కువైనవాళ్లు చున్నీ చుట్టుకునో కర్చీఫ్ కట్టుకునో అదే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. బాగుపడ్డ మొహం సాక్ష్యం చెబుతుంది, చెడిన మొహం దాక్కుంటుంది. జనం అనుభవం అని మనం గౌరవంగా పిలుచుకునేది ఈ సగం లెక్కనే. పైగా వజ్రం దొరకనివాడికి పోయేది నాలుగు రోజుల కూలి. ట్యూబు నమ్మినవాడికి పోయేది చర్మం.

మెడికల్ షాపు కౌంటర్ దగ్గర జరిగే మొటిమల వైద్యాన్ని చూడండి. వచ్చినవాడు నోరు విప్పడు, బుగ్గ చూపిస్తాడు. షాపు కుర్రాడు కూడా ఏమీ అడగడు, అరలోంచి ఓ ట్యూబు తీసి పెడతాడు. డబ్బులు చేతులు మారతాయి. ఇంత తక్కువ మాటలతో రోగనిర్ధారణ, చికిత్స, బిల్లు మూడూ ముగిసే వైద్యశాల ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ఆ ట్యూబు మీద ఎర్రగీత ఒకటి ఉంటుంది. రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని చీమ తలకాయంత అక్షరాలతో హెచ్చరికా ఉంటుంది. ఆ అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి. మన మండలంలో భూతద్దాలకు కొరత లేదు గానీ అవి వజ్రాల పనిలో ఉన్నాయి. లోపలున్నది చాలాసార్లు బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్, లేదా స్టెరాయిడ్‌కు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిపిన మూడు మందుల మిశ్రమం. ఈ మిశ్రమానికి మూలమైన ఫార్ములాను క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా వైద్యులు 1975లో ప్రకటించారు. అది చర్మం మీది నల్ల మచ్చలను తగ్గించేందుకు. ఇప్పుడు మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలు, కనిపెట్టుకుని ఉండి వాడించేది దాని వంశమే. మన దగ్గర అది మంగుకూ మొటిమకూ, పెళ్లిచూపులకూ, గడ్డం గీసుకున్నాక మంటకూ ఒకే మందైపోయింది. సర్వరోగనివారిణి అని చెప్పి లేహ్యం అమ్మే సంచారి వైద్యుణ్ణి చూసి నవ్వుతాం. అతడైనా కనీసం నాడి పట్టుకుని చూసేవాడు.

ఇది ఊహించి వేస్తున్న నింద కాదు. దేశంలోని 12 కేంద్రాల్లో చర్మవైద్యులు చేసిన అధ్యయనం 2011లో వాళ్ల పత్రికలో అచ్చయింది. మొహం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, 433 మంది అప్పటికే స్టెరాయిడ్ క్రీములు పూసుకుంటున్నారు. వాళ్లలో 104 మంది మొటిమల కోసమే మొదలుపెట్టారు. ఆ 433 మందిలో 257 మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. ఘాటు ఎక్కువున్న స్టెరాయిడ్ల వాడకం పల్లెలు, పట్నం శివార్లలోనే ఎక్కువ. నూటికి తొంభై మందికి హాని జరిగింది. ఆ హానుల్లో అన్నిటికంటే ముందున్నది ఏమిటో తెలుసా? మొటిమలు! కొత్తగా రావడమో, ఉన్నవి ముదరడమో. దాహానికి ఉప్పునీళ్లు అమ్ముతున్నారన్న సంగతి తేలాక కూడా కుండ ముందు వరస తగ్గలేదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలకు అప్పటిదాకా ఉన్న వెసులుబాటు తీసేసి, చీటీ ఉంటేనే అమ్మాలంది. చట్టం ఢిల్లీలో బయలుదేరింది. గుంతకల్లు జంక్షన్‌లో దిగినట్టు మాత్రం దాఖలా కనబడదు.

‘మరి తగ్గింది కదా, కళ్లారా చూశాం కదా’ అంటారు. నిజమే, తగ్గింది. ఆ మాట అన్నవాళ్లు అబద్ధమాడటం లేదు. మాయంతా అక్కడే ఉంది. స్టెరాయిడ్ వాపును అణచేస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది. రెండు మూడు రోజుల్లో ఎరుపు పోయి, చర్మం తెల్లబడ్డట్టు కనిపిస్తుంది. ‘ఏం వాడుతున్నావే?’ అని పక్కింటి పిల్ల అడుగుతుంది. ఇంకో ట్యూబు అమ్ముడవుతుంది. మొటిమ పుట్టే చోట మాత్రం ఏమీ మారలేదు. యుక్తవయసు హార్మోన్లకు చర్మంలో నూనె ఊరుతుంది, రంధ్రం మూసుకుపోతుంది, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఇవేవీ ఆగలేదు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రనరాలు తేలతాయి, ఆడపిల్లల బుగ్గల మీద నూగు మొలుస్తుంది, కొత్త మొటిమలు ఒకే సైజులో గుంపుగా లేస్తాయి. భయపడి మానేస్తే మొహం భగ్గుమంటుంది. అప్పుడు ఆ పిల్ల ఇచ్చే తీర్పు ఇది: క్రీము మానగానే మొటిమలొచ్చాయి, కాబట్టి క్రీము మంచిది. మళ్లీ పూస్తుంది, మళ్లీ చల్లబడుతుంది. మందే రోగాన్ని తెచ్చి, మందే దాన్ని దాచి, మందే కీర్తి కొట్టేస్తున్న ఈ వ్యాపారం ముందు ఊళ్లోని వడ్డీవ్యాపారి అమాయకుడు.

స్టెరాయిడ్ లేని మందుల సంగతేమిటి? ‘ఏడు రోజుల్లో’ అని టీవీలో మెరిసే ఫేస్‌వాష్‌లు అంత హానికరం కావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ వాటికి అంటగట్టే ఘనత చూస్తే నవ్వొస్తుంది. మొటిమలు ఏ మందూ లేకపోయినా ఎక్కువ తక్కువ అవుతుంటాయి. మనిషి మందు కొనేది ఎప్పుడు? అవి బాగా విరగబూసినప్పుడు. అంటే తగ్గే దశకు దగ్గరైనప్పుడు. ఆ వారంలో ఏం పూసినా, ఆఖరికి ఇడ్లీపిండి పూసినా ఘనత దానికే పోతుంది. అందుకే అసలు మందును పరీక్షించేవాళ్లు కొందరికి మందు లేని ఉత్త జెల్ ఇచ్చి పోలుస్తారు. 12 వారాలకు ఆ ఉత్త జెల్ పూసుకున్నవాళ్లకూ మొటిమలు గణనీయంగా తగ్గడం అటువంటి పరీక్షల్లో మామూలే. దేనితో పోల్చకుండా ‘వాడినవాళ్లలో నూటికి ఇంతమంది తృప్తి చెందారు’ అని చెప్పే ప్రకటన ఉత్త జెల్‌కు కూడా అంతే నిజాయితీగా సరిపోతుంది. ఇక రోజుకు పదిసార్లు మొహం కడుక్కోమనే సలహా ఉంది చూశారూ, అది అనంతపురం జిల్లాలో ఇస్తున్నారంటే ఇచ్చేవాళ్లకు చర్మం గురించే కాదు, బిందె గురించి కూడా తెలియదన్నమాట. రోజుకు రెండుసార్లు చాలు. రుద్ది రుద్ది కడిగితే ఇంకా రేగుతాయి.

ఇంటివైద్యం వాళ్లు ఈ మాటలకు సంతోషించనక్కర్లేదు. ‘ఒంట్లో వేడి చేసింది’ అన్న సిద్ధాంతం నిజమైతే, మే నెలలో మన జిల్లాలో మొటిమ లేని ముసలమ్మ కూడా ఉండకూడదు. ‘చెనక్కాయలు తింటే మొటిమలొస్తాయి’ అన్నది మరీ విడ్డూరం. దేశంలో ఎవరూ వేయనంత విస్తీర్ణంలో చెనక్కాయ వేసి, ఉడకేసీ వేయించీ పచ్చడి నూరీ తిన్న జిల్లా ఇది. తిండికీ మొటిమలకూ సంబంధం బొత్తిగా లేదని కాదు. తీపి, మైదా వంటి త్వరగా రక్తంలో చక్కెర పెంచే తిండికి, కొంతవరకు పాలకు సంబంధం ఉందని పరిశోధనలు సూచిస్తున్నాయి. చెనక్కాయ ఆ కోవలోది కాదు. అంటే పిల్ల చేతిలోంచి చెనక్కాయలు లాక్కుని బిస్కెట్ పొట్లం పెడుతున్నాం. టూత్‌పేస్ట్, నిమ్మరసం, వంటసోడా గురించి రాయడం కూడా దండగ. అవి చర్మాన్ని కాల్చి, మొటిమను కాల్చామనిపిస్తాయి. ఆయుర్వేదం పేరుంటే హాని ఉండదన్న నమ్మకం వేరే జబ్బు.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నవ్వి తోసేయడం కుదరదు. చర్మవైద్యుడు ఎక్కడున్నాడు? వజ్రకరూరు నుంచి అనంతపురం పోవాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, ఆసుపత్రిలో పడిగాపులు. మొటిమకు ఇంత ఖర్చా అని ఇంట్లోవాళ్లు గదమాయిస్తారు. కాబట్టి మెడికల్ షాపే మాకు ఆసుపత్రి అంటారు. ఈ మాటలో నిజముంది. ‘పెళ్లయితే అవే పోతాయి’ అని కొట్టిపారేసేవాళ్లకంటే షాపు మెట్లెక్కిన పిల్లే నయం. మొటిమ గుంటలు జీవితాంతం మిగులుతాయి, దిగులూ మిగులుతుంది. కానీ షాపే గతి అయినప్పుడు షాపులో సరైనది అడగడం ఇంకా అవసరం కాదా? బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ స్టెరాయిడ్ కాదు. 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం దానంత పని చేస్తుందని, మంట మాత్రం తక్కువని 1986లోనే తేల్చారు. తువ్వాలు రంగు వెలుస్తుంది, అది మందు లక్షణం. ఎండలో మగ్గే చోట దాచకూడదు. వేడికి అందులో బెంజీన్ పుట్టవచ్చు, అది ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలడంతో అమెరికాలో 2025లో కొన్నిటిని వెనక్కి తీసుకున్నారు. అడాపలీన్ అనే ఇంకో మందు 0.1 శాతం జెల్‌ను అక్కడ 2016 నుంచి చీటీ లేకుండా అమ్మనిస్తున్నారు. మన దగ్గర చీటీతోనే. రాత్రి పూయాల్సిన మందు అది. గర్భిణులు వాడకూడదు. పొద్దున్నే పూసుకుని చేలో కలుపు తీయడానికి పోతే మొహం కమిలిపోతుంది. ఈ రెండిటికీ 8 నుంచి 12 వారాలు పడుతుంది. స్టెరాయిడ్ ముందు ఇవి ఓడిపోయేది అందుకే. మూడో రోజుకే మెరవని మందు మన బజారులో నకిలీ మందు లెక్క.

షాపు ముందు నిలబడినప్పుడు ఒక్క పని చేయండి. బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివించుకోండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఏదైనా వినబడితే మొటిమ మీద పూయకండి, ట్యూబు తిరిగిచ్చేయండి. ఇప్పటికే నెలల తరబడి పూస్తున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఈ రాత్రే మానేయొద్దు, మొహం రేగుతుంది. ఆ ట్యూబునే సంచిలో వేసుకుని ఒక్కసారి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. మెల్లగా ఎలా మానాలో ఆయన చెబుతాడు. బాగుపడ్డాక ఊళ్లో ఎలాగూ చెప్పుకుంటారు. చెడినప్పటి సంగతి కూడా అంతే గట్టిగా చెప్పండి.