మొటిమ పద్యం: విసాపూర్ వ్యాఖ్య

మూలం

మొటిమ ముఖమునకును మూడె మందులు చాలు
కడుగు మెల్లగాను, కాచు తడిని
రాత్రి పూత గింజ రవ్వంత, పగటెండ
కడ్డు పూత, గోళ్ళు కట్టివేయి

అవతారిక

ఈ ఆటవెలదికి కవి, వ్యాఖ్యాత ఒకరే. కనుక కవి హృదయం గురించి తగువే ఉండదనుకుంటారేమో, ఉంటుంది. కవి పద్యం కట్టింది రాత్రి, మేడ మీద, గాలి తిరిగాక. వ్యాఖ్యాత టీక రాస్తున్నది విసాపూర్‌లో మే నెల మిట్టమధ్యాహ్నం. కవికి యతి కుదిరితే చాలు. వ్యాఖ్యాతకు మొహం కుదుటపడాలి.

దేశం: మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా. చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ పోయే దారిలో విసాపూర్. అటు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇటు పేపర్ మిల్లు, చుట్టూ బొగ్గు గనులు. వార్ధా నది దాటితే రాజురా. అది 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. కనుక ఇక్కడ తెలుగు చుట్టపుచూపుగా వచ్చిన భాష కాదు, తెలుగు వ్యాఖ్య రాయడం ధిక్కారమూ కాదు.

కాలం: ఎండాకాలం. ఈ మండలంలో మేలో 46, 47 డిగ్రీలు వార్త కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను కాలుష్యం బట్టి వరస పెడితే చంద్రపూర్‌కు నాలుగో స్థానం దక్కింది. అంతమాత్రాన మొటిమకు బొగ్గే కారణమని తీర్పు చెప్పడం తొందరపాటు. చెమట, రాపిడి మాత్రం నేరస్థలంలో దొరికినవే.

ప్రతిపదార్థం

మొటిమ ముఖమునకును = మొటిమలు లేచేదీ, ఏది రాసినా మండేదీ అయిన మొహానికి; మూడె మందులు = మూడు పూతలే; చాలు = నాలుగోది కొనవద్దు; కడుగు మెల్లగాను = తోమక కడుగుము; కాచు తడిని = చర్మంలో ఉన్న నీటిని పోనీయకుము; రాత్రి పూత = పడుకునే ముందు రాసే జెల్లు; గింజ రవ్వంత = బఠాణి గింజంత; పగటెండకు అడ్డు పూత = సన్‌స్క్రీన్; గోళ్ళు కట్టివేయి = స్పష్టము.

తాత్పర్యం

ఇది చివర రావాలి. కానీ తాత్పర్యం మాత్రమే చదివి పరీక్ష రాసే సంప్రదాయం మనది గనుక ముందే ఇస్తున్నాం. రోజుకు రెండుసార్లు సౌమ్యమైన ఫేస్‌వాష్‌తో కడుక్కుని, వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుని, డాక్టరు చెబితే రాత్రి కొంచెం అడపలీన్ జెల్లు, పగలు సన్‌స్క్రీన్ రాసుకుని, గిల్లకుండా ఉండవలెనని భావము. తొందర ఉన్నవారు ఇక్కడితో లేవవచ్చు.

టీక

మొటిమ: సుశ్రుతుడు దీనిని ముఖదూషిక అన్నాడు, క్షుద్రరోగాలలో చేర్చాడు, పడుచువాళ్ళ మొహాన బూరుగు ముళ్ళలా లేస్తుందన్నాడు. చికిత్సగా లేపనంతోపాటు వాంతి చేయించమన్నాడు. లేపనం వరకు అంగీకారమే. ఆధునికుల మాట: చర్మరంధ్రంలో జిడ్డు, రాలిన కణాలు కలిసి బిరడా వేస్తాయి, లోపల ఎప్పుడూ ఉండే ఒక సూక్ష్మజీవి ఆ ఇరుకులో పెరుగుతుంది, దాని మీద ఒళ్ళు చేసే యుద్ధమే ఎరుపు, వాపు, చీము. ఆ సూక్ష్మజీవి పేరులోనూ పాఠాంతరం ఉంది. నిన్నమొన్నటి దాకా ప్రొపియోనిబాక్టీరియం, 2016 నుంచి క్యూటిబాక్టీరియం. పేరు మారింది గానీ అద్దె కట్టడం మొదలుపెట్టలేదు.

మూడె: శంక. మూడు అని చెప్పి, లెక్కపెడితే నాలుగు కనిపిస్తున్నాయి: కడుగుట, తడి, రాత్రి పూత, పగటి పూత. కవికి లెక్క రాదా? సమాధానం. కడిగినది తూము పాలు, మొహం మీద మిగిలేవి మూడే. ఇది కవిని రక్షించడానికి చెప్పిన మాటే అయినా సూక్ష్మం లేకపోలేదు. పోయేదానికి ఎక్కువ డబ్బు పెట్టవద్దని ధ్వని. వందల రూపాయల ఫేస్‌వాష్‌లో ఉన్న విటమిన్లు అర నిమిషంలో వార్ధా వైపు ప్రయాణం కడతాయి.

చాలు: పద్యానికి ప్రాణం ఈ రెండక్షరాలు. మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ప్రతిజ్ఞ పట్టిన కాళిదాసు వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆయన కాళిదాసుకు చేసిన ఉపకారం మన మొహానికి ఎవరూ చేయరు. పెద్దమ్మ సున్నిపిండి అంటుంది, అత్త పసుపు అంటుంది, హాస్టల్ స్నేహితురాలు కొరియావారి పది మెట్ల పద్ధతి అంటుంది, మేనమామ నిమ్మకాయ పట్టుకుని వస్తాడు. ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టిన మొహం ఎర్రబడితే ఏది పడలేదో బ్రహ్మకు కూడా తెలియదు. సున్నిత చర్మానికి శాస్త్రం ఒకటే: ఒకసారి ఒక కొత్త వస్తువు. ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొన్నాళ్ళు రాసి చూడాలి. దురద, మంట లేకపోతేనే మొహం మీదికి. దానికి రెండు వారాలు గడువిచ్చాకే రెండోది. ఈ పద్ధతిలో పొట్లాలు తక్కువ, ఓపిక ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి దుకాణాల్లో దీనికి ప్రచారం లేదు.

కడుగు మెల్లగాను: మెల్లగా అన్నది క్రియావిశేషణం. బలమంతా దానిదే. మొహం ఇత్తడి చెంబు కాదు, మెరిసే దాకా తోమడానికి. చర్మం స్వభావతః కొంచెం ఆమ్లం, పిహెచ్ 5 దరిదాపు. మామూలు సబ్బు క్షారం, 9 నుంచి 10. సబ్బుతో కడిగాక బిగదీసినట్టుండే ఆ శుభ్రతను మనం పుణ్యం అనుకుంటాం, చర్మం దాన్ని దోపిడీ అనుకుంటుంది. అందుచేత సబ్బు కాని సబ్బు, అనగా సిండెట్. గరుకు స్క్రబ్బులు, సున్నిపిండి రుద్దుళ్ళు మొటిమల కాలంలో వర్జ్యం. పండగ తలంటికి ఒంటికి పెట్టుకుంటే అభ్యంతరం లేదు, మొహం తప్పించమని పెద్దమ్మకు వినయంగా మనవి చేయాలి.

ఎన్నిసార్లు? ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. గనిలోనో మిల్లులోనో షిఫ్టు దిగినవారికి, చెమట కారినవారికి మరొకటి. జిడ్డు కనిపించినప్పుడల్లా కడగడం వ్యసనం.

కాచు తడిని: పూర్వపక్షి లేచి అడుగుతాడు: జిడ్డు మొహానికి మళ్ళీ క్రీమా? జిడ్డు వేరు, తడి వేరు అని సిద్ధాంతం. మొహం నిండా నూనె ఉన్నా పైపొరలో నీరు లేకపోవచ్చు. మొటిమ మందుల్లో చాలావరకు ఆ నీటినే ముందు పీల్చుకుపోతాయి. కాబట్టి గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న, పరిమళం లేని పలుచని మాయిశ్చరైజర్ వాడాలి. పరిమళం ప్రాణాంతకం కాదు, కానీ మండే చర్మానికి మల్లెపూల వాసన ఎందుకు?

డబ్బా మీద నాన్-కామెడోజెనిక్ అని ఉండాలంటారు. ఆ బిరుదు మొదట కుందేళ్ళ చెవులకు రాసి చూసి ఇచ్చినది. కుందేలు చెవి మన చెంప కన్నా తొందరగా అలుగుతుంది గనుక ఆ మాట సూచన మాత్రమే, ప్రమాణం కాదు. కొబ్బరినూనె తలకు మంచిదే, నుదుటికి కాదు. తలనూనె, పొమేడ్‌ల వల్ల నుదుటి అంచున లేచే మొటిమలకు వైద్యులు 1970లోనే వేరే పేరు పెట్టి వర్ణించారు. జడ వేసి నూనె కారేలా దువ్వి బడికి పంపే అమ్మలు ఈ వాక్యం రెండుసార్లు చదవగలరు.

రాత్రి పూత గింజ రవ్వంత: ఇక్కడ వ్యాఖ్యాతల్లో రెండు మతాలు. మొదటి మతం అడపలీన్, 0.1 శాతం జెల్లు. ఇది విటమిన్ ఎ వంశంలోది. ఆ వంశంలో పెద్ద, రెటినాయిక్ ఆమ్లం, మొటిమలకు పనిచేస్తుందని 1969లో ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం ప్రకటించింది. (అదే క్లిగ్‌మన్ హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మాల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. మన రాత్రి పూతకు పుట్టినింటి చరిత్ర అంత సుగంధం కాదు.) అడపలీన్ దానికన్నా సౌమ్యురాలు. అమెరికాలో 2016 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. మనం మాత్రం చీటీ రాయించుకునే కొనాలి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

రెండో మతం బెంజాయిల్ పెరాక్సైడ్. ఈ మతస్థులను వారి దిండు గలీబులను బట్టి గుర్తుపట్టవచ్చు: రంగు గలీబుకు తెల్ల మచ్చలు. ఇందులో 2.5 శాతం మందు, 10 శాతం మందంత పని చేస్తుందనీ మంట తక్కువనీ 1980లలోనే తేలింది. అయినా ఎక్కువ శాతం అడగడం మానవ స్వభావం. సున్నిత చర్మంవారు రెండు మతాలూ ఒకే రాత్రి పుచ్చుకోరాదు.

గింజ అనగా ఏ గింజ? సెనగ అని కొందరు, బఠాణి అని బహుజనామోదం. మొహమంతటికీ కలిపి ఒక్క గింజంత, ఒక్కో మొటిమకు ఒక్కో గింజ కాదు. పూర్తిగా ఆరిన మొహం మీద, కళ్ళు, పెదవుల మూలలు తప్పించి, మొదట్లో రాత్రి విడిచి రాత్రి. మండితే ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్లు. తొలి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపించవచ్చు. అక్కడే చాలామంది డబ్బా పక్కింటివారికి దానం చేస్తారు. గుణం తెలియాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పెళ్ళికి పది రోజుల ముందు మొదలుపెట్టేవారికి ఈ పాదం అన్వయించదు.

పగటెండకడ్డు పూత: ఎస్‌పిఎఫ్ 30 గానీ పైన గానీ. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకూ సరి. బయట తిరిగేవారు రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి. మండే చర్మానికి జింక్ ఆక్సైడ్ రకం హాయి. కాసేపు విభూతి పెట్టుకున్నట్టు కనిపించినా ఓర్చుకోవాలి. మన చామనఛాయ చర్మంలో మొటిమ పోయాక మిగిలే నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ దానికి సిరా పోస్తుంది. ఈ పాదం లేకపోతే పై పాదాలన్నీ సగం వ్యర్థం.

పాఠాంతరం: విసాపూర్ వైపు 'కడ్డు బట్ట' అని చదువుతారు. ఛందస్సుకు భంగం లేదు. స్కూటీ మీద పోయే ఈ ప్రాంతపు ఆడపిల్లలు కళ్ళు తప్ప మొహమంతా స్కార్ఫు చుట్టడం చూసినవారికి ఈ పాఠం ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. ఎండకు అది మంచి కవచమే. కానీ నిన్నటి చెమటతో ఇవాళ చుట్టిన బట్ట చెంపలకు రాసుకుంటే అక్కడే కొత్త పంట. కనుక రెండు పాఠాలూ గ్రాహ్యమే, బట్ట రోజూ ఉతికితే.

ప్రక్షిప్తం

కొన్ని మెడికల్ షాపు ప్రతుల్లో ఐదో పాదం ఒకటి కనిపిస్తుంది:

తెల్లబడును మొగము తెల్లవార

గణాలు సరి, యతి సరి, అయినా కవిది కాదు. కౌంటరు వెనక నుంచి చేర్చినది. చిన్న ట్యూబు, తక్కువ ధర, లోపల స్టెరాయిడ్. రాసిన నాలుగు రోజులకు ఎరుపు తగ్గి మొహం వెలుగుతుంది, పెద్దలు మెచ్చుకుంటారు. తర్వాత చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు బయటపడతాయి, కొత్త మొటిమలు గుంపుగా లేస్తాయి. మానేస్తే నిప్పు అంటుకున్నట్టుంటుంది కనుక మానలేరు. చర్మవైద్యుల సంఘం చాలాకాలం మొత్తుకున్నాక 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం వచ్చినా ప్రక్షిప్తం ప్రతుల్లోంచి పూర్తిగా పోలేదు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అని కనిపిస్తే ఈ పాదం అదేనని గ్రహించాలి.

విశేషాలు

పథ్యం: ఇక్కడి కారపు అటుకుల టిఫిను తర్రి పోహా మానేయాలా? కారానికీ మొటిమకూ బంధుత్వం రుజువు కాలేదు. తీపి, మైదా ఎక్కువైతే కొందరిలో పెరుగుతాయనడానికే ఆధారాలు మెరుగు. పోహా తిని, మీద తాగే చాయ్‌లో చక్కెర తగ్గించుకోండి.

వైద్యుడు: గడ్డలు కట్టినా, గుంటలు పడుతున్నా, మూడు నెలలకూ మార్పు లేకున్నా ఈ పద్యం చాలదు. చంద్రపూర్‌లో 2015 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అక్కడ చర్మ విభాగం తలుపు తట్టాలి. మరొక మాట. ఇదే జిల్లా వరోరాలో బాబా ఆమ్టే కుష్ఠు రోగుల కోసం ఆనందవన్ నిర్మించాడు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు, మొటిమ శాస్త్రం కాదు, సౌందర్య చర్చ అంతకన్నా కాదు. ఆ రోజే చూపించుకోవాలి. మందులు ఉచితం, నయమవుతుంది.

గోళ్ళు కట్టివేయి: గిల్లితే చీము బయటికెంత వస్తుందో లోపలికీ అంత పోతుంది, మచ్చ మిగులుతుంది. ఇంతవరకు వివాదం లేదు. ఎవరి గోళ్ళు అన్నదే ప్రశ్న. కవి షష్ఠీ విభక్తి వాడలేదు. నీ గోళ్ళు అనలేదు, వట్టి గోళ్ళు అన్నాడు. కాబట్టి పేరంటంలో గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, "ఇదేంటే బంగారం, పండింది, ఉండు తీసేస్తా" అనే పిన్నిగారి గోళ్ళు కూడా ఇందులో చేరతాయని ఈ వ్యాఖ్యాత నిశ్చయం. వాటిని కట్టే విధానం మాత్రం కవి చెప్పలేదు.