తంగేడును కొనుక్కోవడమా!

బతుకమ్మ పండుగ దగ్గరపడిందంటే చాలు, మా బాగ్ లింగంపల్లి ఆడవాళ్లంతా సంచులు పట్టుకొని చిక్కడపల్లికో నారాయణగూడకో బయల్దేరుతున్నారు, తంగేడు కొనడానికి. రోడ్డు పక్కన గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్ముతారు. తెల్లారకముందే ఊళ్లలో కోసి ఆటోలో వేసుకొచ్చిన పువ్వు, పది కొట్టేసరికే తల వేలాడేస్తుంది. దానికి మళ్లీ బేరం! ఎవరూ నాటకుండా, ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండా గుట్ట మీద పూసే పువ్వును డబ్బు పెట్టి కొంటారంటే మా అమ్మ నమ్మేది కాదు.

మా రోజుల్లో పువ్వుకు పోవడమే సగం పండుగ. అడిక్‌మెట్ దాటి యూనివర్సిటీ వైపు నడిస్తే అన్నీ బండలు, పొదలే. ఆ బండల సందుల్లో మనిషి నడుమెత్తు తంగేడు పసుపు ఆరబోసినట్టు ఉండేది. గునుగు కావాలంటే అంబర్‌పేట అవతల మూసీ ఒడ్డు చేలకు పోవాలి, అది చేను కలుపు. రైతు ఏమీ అనేవాడు కాదు, కోసుకుపోతే ఆయనకే మేలు. బీరపువ్వు, గుమ్మడిపువ్వు ఎవరో ఒకరి పెరట్లో ఉండనే ఉండేవి.

ఇంటికొచ్చాక మా అమ్మ గునుగు కాడలన్నీ ఒక్క పొడుగున కత్తిరించి, గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టేది. లేతప్పుడు కొసన గులాబీ రంగుండి, ముదిరేకొద్దీ కింది నుంచి వెండిలా తెల్లబడే పువ్వది. తెల్లబడ్డ కట్టలను రంగునీళ్లలో కొసల మేరకే ముంచి నీడన ఆరబెట్టేది. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు వరుస, గునుగు వరుస పేర్చుకుంటూ పోయి, పైన పసుపు గౌరమ్మ. ఇప్పుడు కాగితంతో, ప్లాస్టిక్‌తో చేసిన బతుకమ్మలు దొరుకుతున్నాయి. ఆటయ్యాక నీళ్లలో వేసేది లేదు, తుడిచి సజ్జ మీద పెట్టి వచ్చే ఏడు మళ్లీ దించుతారు. నాకు అది చూస్తే కడుపు రగులుతుంది. పువ్వు లేని పూలపండుగ ఎట్లా అవుతుంది?

అసలు తంగేడు పువ్వును దగ్గరగా చూసినవాళ్లు ఈ కాలంలో ఎందరున్నారు? ఐదు రేకులు, అంచులు కాస్త ముడతలు. మధ్యలో పది కేసరాలు, అవి ఒక్క తీరున ఉండవు, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగ్గా వంగినవి. పుప్పొడి తిత్తికి కొసన సన్నటి రంధ్రమే తప్ప వేరే దారి లేదు. గండుతుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకొని ఝుమ్మంటే, ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. తేనె లేని పువ్వు, తుమ్మెదకు ఆ పుప్పొడే కూలి. ఇక దాని చెక్కతో తోళ్లు ఊనేవారు, ఆకును వరి మడిలో తొక్కి ఎరువు చేసేవారు. మేకలు పెద్దగా ముట్టవు, ఎండ దాన్నేమీ చేయలేదు. మన నేలకు ఇంతకన్నా తగిన మొక్క ఇంకేముంది?

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2016లో తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. ఆ రోజు నిజంగానే కళ్లు చెమర్చాయి. మరి ఆ పువ్వు మా వీధుల్లో ఏది? డివైడర్ల మీద కోనోకార్పస్‌ను బారులు తీర్చి నాటారు, తర్వాత సర్కారే దాన్ని నాటవద్దన్నది. ఖాళీ జాగాలన్నీ వయ్యారిభామ పాలయ్యాయి. ఎక్కడో అమెరికా ఖండంలో పుట్టి వచ్చిన మొక్క, తాకితే దురద, పీలిస్తే ఆయాసం. దాన్ని పీకే తీరిక ఎవరికీ లేదు. కానీ మా ఇంటి వెనక ప్రహరీ పక్కన తనంతట తాను మొలిచి, మొదటిసారి మొగ్గ తొడిగిన తంగేడును మాత్రం పిచ్చిమొక్క అని నిరుడు వేళ్లతో సహా పెకిలించారు. శుభ్రం చేయడమట! అడ్డుపోయేలోపే అయిపోయింది. ఆ చోట ఇప్పుడు సిమెంటు కుండీలో ఏదో విలాయతీ మొక్క ఉంది, రోజూ పైపుతో నీళ్లు పట్టాలి.

ఊళ్లలో కూడా కలుపు మందులొచ్చి గునుగును చేలల్లో నిలవనీయడం లేదు. అందుకే కట్ట రేటు ఏటేటా పెరుగుతున్నది.

మన హుస్సేన్‌సాగర్ నాలా వెంట, అశోక్‌నగర్ నుంచి ఇక్కడిదాకా, గోడ పక్కన ఎంత మట్టి ఊరికే పడి ఉంది! తంగేడు కాయ పలచగా కాగితంలా ఎండుతుంది, నలిపితే గింజలు చేతిలో పడతాయి. గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో ఒక రాత్రి నానబెడితే తొందరగా మొలుస్తుంది. మృగశిర కార్తెకు ముందే చల్లాలి. నీళ్లు నిలిచే చోట వద్దు, రాళ్లున్న చోటే మేలు. గింజలు నా దగ్గర డబ్బాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి పట్టుకుపోవచ్చు. మొలిచినవాటిని మళ్లీ పిచ్చిమొక్కలని పీకితే మాత్రం ఊరుకోను.