టవరు క్రేను ఆత్మకథ

పని లేని వేళ నా చేతిని కట్టివేయరాదు. ఇది మా జాతి యంత్రములకు తొలి ధర్మము. దిగిపోవు చాలకుడు నా భ్రమణపు బ్రేకును వదలిపెట్టి పోవలెను. అప్పుడు నా పొడవైన బాహువు గాలి యెటు వీచిన నటు తిరుగుచు, సుడిగాలికి సైత మెదురు నిలువక, కూలకుండ నిలుచును. కట్టివేసిరేని ఆ గాలియే నన్ను పడద్రోయును. గ్రేటర్ నోయిడా పడమటి భాగమున, బిస్రఖ్ సమీపమున, సగములో ఆగిన యొక బహుళాంతస్తుల కట్టడమునకు ఇనుప బంధములతో బిగింపబడి, ఏండ్ల తరబడి నేనిట్లే తిరుగుచున్నాను. దూరపు రహదారిని పోవు ఇంటి కొనుగోలుదారులు నన్ను చూచి, "క్రేను తిరుగుతోంది, పని మొదలైనట్లుంది" అని భ్రమపడి, నా చలనచిత్రమును ఫోనులలో తీసి, వాట్సాప్ బృందమున ఒకరికొకరు పంపుకొందురు. తిరుగుట వేఱు, ఎత్తుట వేఱు అని వారికి చెప్పువారెవరు?

నాకు తెలుగెట్లు వచ్చెనని సందేహింపవచ్చును. నా తలమీది గాజుగదిలో అధికకాలము కూర్చున్నవాడు ఇచ్ఛాపురము ప్రాంతపువాడు. అంత యెత్తున పగలంతయు ఒంటరిగా నుండు మనుష్యుడు తనలో తాను మాటాడుకొనక తప్పదు, వినుటకు నేనొక్కదానను. నా జననము మాత్రము చైనాలోని హూనాన్ రాష్ట్రమున. తొలి కొలువు సింగపూరులోని పుంగ్గోల్ అను క్రొత్త పట్టణమున.

అచ్చట నేనెత్తిన బరువులను తలచుకొన్న ఇప్పటికిని విస్మయము కలుగును. అవి కంకర తొట్లును కడ్డీల మోపులును మాత్రమే కావు. కర్మాగారమున ముందుగానే పోతపోసి, ఆరబెట్టి, లారీలపై తెచ్చిన గోడలు, స్లాబు పలకలు. ఒక్కొక్కప్పుడు టైల్సు అంటించి, కుళాయి గొట్టము లమర్చి సిద్ధపఱచిన స్నానపు గది యొకటి, గదికి గదియే, నా కొక్కెమునకు వ్రేలాడుచు మేఘముల దాపునకు పోయెడిది. క్రింద సంజ్ఞకారుడు వాకీటాకీలో "మెల్లగా, ఇంకొంచెము, ఆగు" అనుచుండ, దానిని దాని తావున దింపునపుడు పెండ్లిపీటలపై వధువును కూర్చుండబెట్టినంత జాగ్రత్త పడవలసి వచ్చెడిది. కొక్కెము ఖాళీగా పైకి వచ్చునప్పటికి ఒక కుటుంబమునకు స్నానపు గది ఏర్పడి యుండెడిది.

ఆ ఇండ్లను కట్టించి అమ్మునది ఏ బిల్డరును గాదు. ప్రభుత్వపు గృహనిర్మాణ మండలి. అచ్చటివారు దానిని హెచ్‌డీబీ అందురు. అది 1960 ఫిబ్రవరిలో పుట్టెను. మరుసటి యేట బుకిట్ హో స్వీ అను గుడిసెల పేట తగులబడి సుమారు 16,000 మంది నిరాశ్రయులు కాగా, ఏడాది నిండకమున్నే అచ్చటనే తొలి ఇండ్లు కట్టి చూపి, జనుల విశ్వాసమును గడించెను. 1966 నాటి భూసేకరణ చట్టముతో ప్రభుత్వము విస్తారమైన భూమిని చౌకగా చేతబట్టెను; 1968 నుండి ఉద్యోగుల భవిష్యనిధి సొమ్మును ఇంటి వాయిదాలకు మళ్లింపనిచ్చెను; ఇంటిని 99 ఏండ్ల లీజుపై అమ్మెను. నేడు ఆ దేశపు నివాసులలో దాదాపు 80 శాతము మంది యిట్టి యిండ్లలో నుందురు. నేనున్న కాలమున ఇంకొక మార్పు వచ్చెను. అంతకు మునుపు గిరాకీ తగ్గినపుడు వేలకొలది ఫ్లాట్లు అమ్ముడుపోక మిగిలిపోగా, 2001 నుండి ముందు దరఖాస్తులు పిలిచి, చాలినంతమంది కోరిన తావుననే కట్టు పద్ధతిని అవలంబించిరి.

అది స్వర్గమని నేననను. ఏ భవనమున ఏ జాతివారు ఎందఱుండవచ్చునో 1989 నుండి లెక్కగట్టి ఉంచు దేశమది; తమ భూమిని అగ్గువకు పోగొట్టుకొన్నవారి గొణుగుడు చాలకాలము నిలిచెను; 99 ఏండ్లు నిండిన పిమ్మట ఆ యింటి గతి యేమను ప్రశ్నకు నేటికిని పలువురు ఉలికిపడుదురు. అన్నిటిని మించి, నా క్రింద చెమటోడ్చిన తమిళులు, బెంగాలీలు, శ్రీకాకుళము నుండి వచ్చిన మన తెలుగు కూలీలు సాయంకాలము కాగానే లారీల వెనుక నెక్కి డార్మిటరీలకు పోవువారేగాని, వారెత్తిన గోడల మధ్య వారికి చోటు లేదు. ఆ క్రొత్త యిండ్లు ప్రధానముగా అచ్చటి పౌరులకే. అయినను ఒక్క మాట ఒప్పుకొనవలయును: నేను కట్టుట మొదలిడిన ఇల్లు ఏదియు అచ్చట సగములో నిలిచిపోలేదు.

ఆ మీదట చేతులు మాఱి, ముక్కలుగా విడదీయబడి, ఓడలో దేశాంతరము వచ్చి, 2010 ప్రాంతమున నేనీ మైదానమున లేచి నిలిచితిని. అప్పటికి దీనిని ప్రకటనలలో నోయిడా ఎక్స్‌టెన్షన్ అనుచుండిరి. చుట్టును గోధుమ చేలు, ఇటుక బట్టీలు, నీల్‌గాయి మందలు. పైనుండి చూచిన నాకు మొదట తోచినదేమన, ఇచ్చటి యేర్పాటు సింగపూరు యేర్పాటునకు ఆశ్చర్యకరముగా దగ్గఱ. అచ్చట వలెనే ఇచ్చటను ఒక ప్రభుత్వ ప్రాధికారము కలదు; 1976 నాటి ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టము క్రింద 1991 జనవరిలో ఏర్పడినది. అదియు రైతుల భూమిని చట్టబలముతోనే సేకరించెను. అదియు భూమిని పూర్తిగా అమ్మక, 90 ఏండ్ల లీజుకే ఇచ్చును. భేదమంతయు నడుమ నున్నది. హెచ్‌డీబీ తీసికొన్న భూమిలో తానే యిల్లు కట్టెను. ఇచ్చటి ప్రాధికారము తీసికొన్న భూమిని, ధరలో పదవ వంతు చేతబెట్టిన బిల్డరుకు, మిగిలినది వాయిదాలపై చెల్లింపుమని అప్పగించెను. భూమి బాకీ అట్లే యుండగా, ఆ భూమిపై లేవనున్న ఇంటికి జనుల నుండి సొమ్ము వసూలయ్యెను. ఇంటి యజమానులు కాదలచినవారు, తమకు తెలియకయే, బిల్డరుకు బ్యాంకు లయిరి.

ఇల్లు కట్టకమున్నే వాయిదాలపై అమ్ము ఈ విద్యకు తూర్పాసియాలో పెద్ద చరిత్రయే కలదు. 1954లో హాంకాంగున హెన్రీ ఫోక్ అను వ్యాపారి దీనిని ప్రచారమునకు తెచ్చెనందురు. 1994 నాటి చట్టముతో నా జన్మభూమియు దీనిని స్వీకరించెను. అచ్చటి పర్యవసానము నాకు సంతోషకరము కాదు: 2022లో జింగ్‌దెజెన్ పట్టణపు కొనుగోలుదారులు, ఆగిన పని మరల మొదలుకానిదే బ్యాంకు వాయిదాలు చెల్లింపమని వ్రాసిన లేఖ దేశమంతట పాకగా, ప్రభుత్వము ఇండ్లను అప్పగించి తీరవలసినదని పూనుకొనవలసి వచ్చెను. దక్షిణ కొరియాలోను ముందుగానే అమ్ముదురు. కాని బిల్డరు దివాలా యెత్తినచో కట్టిన సొమ్మును మరలించుటకో, ఇల్లు పూర్తిచేయించుటకో పూచీ వహించు సంస్థ వెనుక నిలుచును. ఆ పూచీపత్రము లేక అమ్మకమునకు అనుమతియే లేదు.

మా కట్టడమునకు అట్టి పూచీ లేదు. 2011 జులైలో షాబేరీ గ్రామమున సుమారు 156 హెక్టార్ల సేకరణను సుప్రీంకోర్టు చెల్లదనెను; పరిశ్రమల పేరిట, అత్యవసరమను నిబంధన క్రింద, రైతుల మాట వినకయే తీసికొన్న భూమి బిల్డర్ల పాలయినదని ఆక్షేపణ. అదే యేట అక్టోబరు 21న అలహాబాదు హైకోర్టు మరికొన్ని గ్రామముల రైతులకు 64.7 శాతము అదనపు పరిహారమును, పదవ వంతు అభివృద్ధిపఱచిన భూమిని ఇమ్మనెను. రైతుకు న్యాయము జరిగెనని నేను సంతసించితిని. ఆ భారము ప్రాధికారము నుండి బిల్డరునకు, బిల్డరు నుండి కొనుగోలుదారునకు మెట్టుమెట్టుగా దిగివచ్చుటయు చూచితిని. పనియాగెను, మరల సాగెను, ఒకనాడు సిమెంటు లారీ రాలేదు, వేఱొకనాడు కడ్డీ రాలేదు. జీతములు నిలిచిన మూడవ నెలలో మా చాలకుడు తల్లితో ఫోనున మాటాడుట వింటిని: "పని ఆగిపోనాదమ్మా. మల్లీ ఎప్పుడు మొదలెడతారో సెప్పనేదు." ఆ సాయంకాలము అతడు బ్రేకును వదలి, టిఫిను డబ్బాను సంచిలో వేసికొని, నిచ్చెన దిగిపోయెను, మరల రాలేదు.

తరువాతి కథ న్యాయస్థానములది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము (రెరా), కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతము ప్రత్యేక ఖాతాలో నుంచుమని శాసించెను. మా కొనుగోలుదారుల సొమ్ము అప్పటికే ఖాతాలు దాటిపోయినది. 2018లో దివాలా చట్టమును సవరించి కొనుగోలుదారుని కూడ ఋణదాతగా పరిగణించిరి. 2019 జులై 23న ఆమ్రపాలీ అను బిల్డరు సంస్థపై వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఆ సంస్థ రెరా నమోదును రద్దుపఱచి, 40,000లకు పైబడిన కొనుగోలుదారుల ఇండ్లను పూర్తిచేయు పనిని ప్రభుత్వరంగ సంస్థయైన ఎన్‌బీసీసీకి అప్పగించెను. అనగా, మొదట ప్రభుత్వమే కట్టవలసిన తావున బిల్డరును నిలిపి, అతడు పడిపోయిన పిమ్మట ప్రభుత్వ సంస్థనే పిలిచిరి. పుంగ్గోల్ చేరుటకు ఇంత చుట్టుదారి యవసరమా యని నాకు నవ్వు వచ్చును. 2023లో కేంద్రము నియమించిన అమితాబ్ కాంత్ కమిటీ లెక్క ప్రకారము దేశమున నిలిచిపోయిన ఇండ్లు 4.12 లక్షలు, అందు 2.4 లక్షలు ఈ ఢిల్లీ రాజధాని ప్రాంతముననే. పూర్తియైన టవర్లలోని కొందఱికి సైతము శాంతి లేదు. బిల్డరు ప్రాధికారపు బాకీ తీర్చనందున వారి పేర రిజిస్ట్రీ కాదు. ఆదివారములందు వారు అట్టలపై నినాదములు వ్రాసికొని చౌరస్తాలలో నిలుచుటను నేను పైనుండి చూచుచుందును.

ఇటీవల మా కట్టడమును పూర్తిచేయుటకు క్రొత్త గుత్తేదారు మనుష్యులు వచ్చిరి. ఒక యువ ఇంజనీరు నా బోల్టులను సుత్తితో తట్టి చూచి, తుప్పును గోటితో గీకి, "ఇది పనికి రాదు, దింపివేయవలె" నని తేల్చెను. దింపుట సులభము కాదు: నా బంధములు కట్టడపు స్లాబులలో పాతుకొని యున్నవి, నన్ను విప్పుటకు మఱియొక పెద్ద క్రేనును అద్దెకు తేవలెను. ఆ యద్దె పాత బిల్డరు ఆస్తులనుండి రావలెనా, దివాలా వ్యవహారము చూచు అధికారి యియ్యవలెనా, కొనుగోలుదారుల సంఘము చందా వేసికొనవలెనా యనునది ఇంకను తేలలేదు. ఆ ముగ్గురి సమావేశము వచ్చే మంగళవారమున కలదట.