8 ఎంబీల భరోసా

పాలకేంద్రంలో తూకం యంత్రానికీ, వెన్న శాతం చూసే యంత్రానికీ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. రైతు క్యాను దించగానే ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎంత ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం), ఎంత రేటు అని లెక్కగట్టి చీటీ ఇచ్చేది అదే. లోపల నడిచేది లినక్స్. తెల్లవారుజామున ఆ పెట్టె మొరాయిస్తే రైతు చేతికొచ్చేది అందాజా రేటు. గేదె మేతకయ్యే ఖర్చు మాత్రం అందాజాగా ఉండదు.

హైదరాబాదులో ఆ పెట్టెలు తయారుచేసే చిన్న సంస్థలో సీనియర్ ఇంజనీరుకు ఈ సంగతి బాగా తెలుసు. పాలమ్మి చదివించిన ఇంట్లోంచి వచ్చినవాడాయన. చిత్తూరు జిల్లా పల్లెల్లోని పెట్టెలకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపాల్సి వచ్చినప్పుడు ఆయన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే: సగంలో కరెంటు పోతే?

ఫోన్లకైతే ఒక మార్గముంది. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పటి నుంచి సిస్టమ్‌ను రెండు కాపీలుగా ఉంచుకుని, ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని మార్చుకునే వీలు వచ్చింది. ఈ పెట్టెలోని ఫ్లాష్‌లో రెండో కాపీకి చోటు లేదు. అందుకే ఆయన రెస్క్యూ సిస్టమ్ కట్టాడు. కెర్నల్, చిన్న చిన్న కమాండ్ల మూట బిజీబాక్స్, అప్‌డేట్‌ను రాసే ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్, అన్నీ కలిపి 8 ఎంబీ. ఫ్లాష్‌లో ఒక మూల ఎవరూ ముట్టుకోకుండా ఉంటుంది. లేచినప్పుడు పూర్తిగా ర్యామ్‌లోనే నడుస్తుంది గనక, అసలు సిస్టమ్‌ను నిశ్చింతగా చెరిపి కొత్తది రాయగలదు. పాత ఇల్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు పెరట్లో వేసుకునే పాక అది. పని మధ్యలో ఆగిపోయినా, కరెంటు రాగానే బూట్‌లోడర్ అయిన యూ-బూట్ "అప్‌డేట్ పూర్తికాలేదు" అన్న గుర్తు చూసి మళ్ళీ రెస్క్యూనే లేపుతుంది. అది సర్వర్ నుంచి ఫైలు తెచ్చుకుని మొదటి నుంచి రాస్తుంది.

"అన్నా, లాగిన్ కూడా తీసేశారేం?" అని అడిగాడు జూనియర్.

"అక్కడ లాగిన్ అయ్యేదెవరు? ఉంచిన ప్రతి ప్రోగ్రామూ ఏదో ఒకరోజు చెడిపోవచ్చు. ఆపదలో ఆదుకోవాల్సిన దాంట్లో ఎంత తక్కువుంటే అంత మంచిది."

ఆ మాట నిజం. ఈ విద్యలో అంతకన్నా మంచి సలహా నేను వినలేదు. లాగిన్ పోయింది, బ్లూటూత్ పోయింది, నెట్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ పోయింది. సర్వర్ సర్టిఫికెట్‌ను తనిఖీ చేసే భాగాన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు. ఎవడో దారినపోయేవాడి ఫైలు పాలకేంద్రంలోకి ఎక్కకూడదు కదా.

ఇక పరీక్షలు. ల్యాబ్ బల్ల మీది బోర్డుకు అప్‌డేట్ మొదలుపెట్టడం, పది శాతంలో ప్లగ్గు పీకడం, సగంలో పీకడం, 99 శాతం దగ్గర పీకడం. పీకిన ప్రతిసారీ అది లేచి, పని ముగించుకుని వచ్చింది.

ఒక రాత్రి, సాయంత్రం పాలు ముగిశాక, అప్‌డేట్ వదిలారు. ఆ రాత్రే గాలివానకు కొన్ని ఊళ్ళలో కరెంటు పోయి వచ్చింది. తెల్లారేసరికి ఫోన్లు. ఆ ఊళ్ళలో పెట్టెలు చీటీ ఇవ్వడం లేదు. క్యాన్లతో ఆడవాళ్ళు వరుసలో ఉన్నారు, పాల వ్యాను ఆగదు.

జూనియర్ కారులో వెళ్ళి ఒక పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించాడు. రెస్క్యూ బతికే ఉంది. నెట్ ఉంది. సర్వర్ పలుకుతోంది. రెస్క్యూ మాత్రం ప్రతిసారీ ఒకే మాట రాసి వెనక్కి తగ్గుతోంది: "సర్వర్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు."

పక్కనే తేదీ: 1970 జనవరి 1.

టైమ్ చెప్పేవాళ్ళు లేకపోతే లినక్స్ కాలం ఆ రోజు నుంచే మొదలవుతుంది. ల్యాబ్ బోర్డులో గడియారాన్ని నడిపే బటన్ బ్యాటరీ ఉంది. ఊళ్ళకు వెళ్ళిన బోర్డుల్లో ఆ చోటు ఖాళీ. కరెంటు పోని ఊళ్ళలో గడియారం ఆగలేదు, అప్‌డేట్ పూర్తయింది. పోయిన ఊళ్ళలో ఒక్క పెట్టె కూడా తేరుకోలేదు.

జూనియర్ పాత ఫైళ్ళు తీశాడు. బ్యాటరీ తీసేయమన్న నోటులో ఇలా ఉంది: "బ్యాటరీ అక్కర్లేదు. టైమ్ ఎన్‌టీపీ తెచ్చుకుంటుంది." కొన్ని నెలల తర్వాత రెస్క్యూలోంచి ఎన్‌టీపీని తీసేసినప్పుడు రాసిన నోటు ఇది: "ఎన్‌టీపీ అక్కర్లేదు. టైమ్ బ్యాటరీ చూసుకుంటుంది."

రెండింటి కిందా సంతకం సీనియర్‌దే.